లాప్‌టాప్‌తో స్టేజి ఎక్కేవాళ్లు: సౌండ్లు మార్చడం, మనకు మనం వినబడడం, లెవెల్స్ చూసుకోవడం ఎలా?

గోదారి_కీస్ (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మాది పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, కాలేజీ ఫంక్షన్లు చేసే ఆర్కెస్ట్రా. ఇన్నాళ్లూ రోలాండ్ ఎక్స్‌పీఎస్-30 కీబోర్డు ఒక్కదాంతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు దాన్నే యూఎస్‌బీతో విండోస్ లాప్‌టాప్‌కి కలిపి, కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని వీణ, వేణువు, స్ట్రింగ్స్ వాడుతున్నాను. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, రెండు అవుట్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (లాప్‌టాప్ సౌండ్‌ని కేబుళ్లకు అందించే పెట్టె). ఇంట్లో బ్రహ్మాండంగా ఉంటుంది. గొడవంతా స్టేజి మీదే.

స్ట్రింగ్స్ రాగానే సింగర్ వినపడట్లేదని మిక్సర్ దగ్గరాయన చేయి ఊపుతాడు. వేణువు వచ్చేసరికి అసలు వేణువే ఉండదు. నేను వాయించేది నాకే సరిగా వినబడదు. పల్లవి అయ్యి చరణంలోకి వెళ్లే ఆ కాస్త గ్యాప్‌లో మౌస్ పట్టుకుని సౌండ్ మార్చాలంటే ఒకటే టెన్షన్. స్క్రీన్ మీద ఇన్ని మీటర్లు ఊగుతుంటాయి, ఏది చూడాలో ఏది వదిలేయాలో అర్థం కాదు. మీరంతా ఎలా చేస్తున్నారు?

సౌండ్‌బాబాయ్ (విజయవాడ)

తమ్ముడూ, ఆ చేయి ఊపే జాతి మాది. మా బాధ కూడా విను.

కీబోర్డు నుంచి నాకొచ్చేది ఒక్క ఛానెల్. పియానోకి ఫేడర్ సర్ది, గాయని మైకు చూసుకునేలోపు నువ్వు బ్రాస్‌కి మారతావు, అది జనం మీద పడుతుంది. కిందికి లాగుతాను. నువ్వు మళ్లీ పియానోకి వస్తావు, అది వినపడదు. ప్రోగ్రామ్ అంతా ఒకరి వెంట ఒకరు పరుగే. సౌండ్ల మధ్య తూకం నీ లాప్‌టాప్‌లోనే కుదరాలి. నా దగ్గరికి వచ్చాక నేను చేయగలిగింది తక్కువ.

ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లెవెల్స్ కుదిర్చి ఉంటావు. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్, బాగా పైనుండే ట్రెబుల్ తగ్గినట్టు ఉంటాయి. సౌండ్ పెంచేకొద్దీ అవి లేస్తాయి. ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు. అందుకే హెడ్‌ఫోన్స్‌లో నిండుగా ఉన్న స్ట్రింగ్స్ పెద్ద బాక్సుల్లో ముద్దయిపోతాయి. రిహార్సల్ గదిలో ఒక పీఏ బాక్స్ (జనం వైపు పెట్టే స్పీకర్) పెట్టుకో. స్టేజి మీద ఎంత గట్టిగా ఉంటుందో అంతా పెట్టి, పియానోని కొలతగా తీసుకో. మిగతా ప్రతి సౌండ్‌నీ పియానో పక్కన, ఎవరైనా పాడుతుండగా వాయించి సర్దుకో.

మీటర్ కావాలంటే యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో షార్ట్ టర్మ్ అంకె (గత కొన్ని సెకన్ల సగటు) చూస్తూ ప్యాడ్, ఆర్గాన్, స్ట్రింగ్స్ లాంటి సాగే సౌండ్లను దగ్గర దగ్గరకు తేవచ్చు. వీణ, గిటార్ లాంటి మీటి వదిలే సౌండ్లు మాత్రం ఆ అంకెకు లొంగవు. వాటికి చెవే దిక్కు.

ఇంతకీ నీ ఇంటర్‌ఫేస్ నుంచి మిక్సర్‌కి ఎన్ని కేబుళ్లు పోతున్నాయి?

గోదారి_కీస్

ఒకటే బాబాయ్. ఎక్స్‌పీఎస్‌కి ఎప్పుడూ ఎడమ జాక్ నుంచి ఒకటే లాగేవాళ్లం. అదే అలవాటులో ఇక్కడా ఎడమదే.

సౌండ్‌బాబాయ్

ఇదిగో, నీ వేణువు ఎక్కడికి పోయిందో తేలింది.

కీబోర్డు వెనక ‘ఎల్/మోనో’ అని రాసి ఉంటుంది చూడు. అందులో ఒక్క కేబులే పెడితే కీబోర్డే రెండు వైపులనూ కలిపి పంపుతుంది. ఇంటర్‌ఫేస్‌లో ఆ ఏర్పాటు ఉండదు. ఎడమ జాక్ అంటే ఎడమ సగం, అంతే. కుడి పక్కకు పాన్ అయిన సౌండ్ ఏదైనా జనానికి చేరదు. రెండు కేబుళ్లు, రెండు డీఐ బాక్సులు (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చేవి) ఇవ్వు. లేదంటే లాప్‌టాప్‌లోనే చివర్లో మోనోగా కలిపి పంపు. కలిపాక ప్రతి సౌండూ ఒకసారి విను. బాగా విశాలంగా రికార్డ్ చేసిన పియానో శాంపిల్స్ కొన్ని మోనోలో పలచబడతాయి. వాటిని స్టేజికి తేకు. మన పందిళ్లలో పీఏ చాలావరకు మోనోనే నడుస్తుంది, నువ్వు స్టీరియో ఇచ్చినా చివరికి అక్కడ కలిసిపోయేదే.

హార్డ్‌వేర్_భక్తుడు (వరంగల్)

ఇంత తతంగం ఎందుకండీ? ఎక్స్‌పీఎస్‌లో ఇండియన్ టోన్లు ఉన్నాయి, స్విచ్ వేస్తే పలుకుతుంది. అప్‌డేట్ అడగదు, హ్యాంగ్ అవదు. మే నెలలో ఆరుబయట పెళ్లిలో లాప్‌టాప్ వేడెక్కి, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటే అప్పుడేం చేస్తారు? ఆడియన్స్‌లో ఎవరూ ‘ఈ వీణ ఏ లైబ్రరీది’ అని అడగరు.

ఎడిసన్_తెలుగోడు (న్యూజెర్సీ)

అన్నా, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. ఇక్కడ తెలుగు సంఘాల ఉగాది, దసరా ప్రోగ్రామ్‌లకు వాయించే నేను కూడా కీబోర్డు సొంత సౌండ్లను వదిలేయను. లాప్‌టాప్ మొరాయిస్తే పియానో, స్ట్రింగ్స్ వెంటనే పలికేలా కీబోర్డు నుంచి ఒక కేబుల్ విడిగా మిక్సర్‌కి వెళ్లే ఉంటుంది. మామూలుగా లోకల్ ఆఫ్‌లో (కీలు నొక్కినా కీబోర్డు సొంత సౌండ్ మోగకుండా) పెడతాను, లేకపోతే రెండు సౌండ్లు కలిసి మోగుతాయి. అవసరం పడితే లోకల్ ఆన్. రెండో లాప్‌టాప్ కొనే కన్నా ఇది చవక. ఒక్క జాగ్రత్త: కరెంటు పోయి వస్తే కొన్ని కీబోర్డుల్లో లోకల్ దానంతటదే ఆన్‌కి వచ్చేస్తుంది.

ఇక గోదారి గారి మౌస్ సంగతి. స్టేజి మీద మౌస్ ముట్టుకోవాల్సి వచ్చిందంటే ఇంట్లో సర్దడం పూర్తి కాలేదన్నమాట. నాది మ్యాక్, మెయిన్‌స్టేజ్ అనే లైవ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. అది విండోస్‌కి రాదు. మీకు గిగ్ పెర్ఫార్మర్ గానీ క్యాంటబైల్ గానీ పనికొస్తాయి. పేర్లు వేరైనా మూడింటి పద్ధతీ ఒకటే: ప్రోగ్రామ్‌లోని పాటల వరుస, ఒక్కో పాటలో భాగాల వరుస.

ఒక పాట ఇలా సర్దుతాను. ఎత్తుగడలో వీణ బిట్, అది మొదటి భాగం. పల్లవికి ఎడమ చేతి కింద ప్యాడ్, కుడి చేతి కింద స్ట్రింగ్స్, అది రెండోది. ఇంటర్‌లూడ్‌లో వేణువు, కింద ప్యాడ్ అలాగే. చరణానికి స్ట్రింగ్స్ కాస్త తగ్గించి ఎలక్ట్రిక్ పియానో. ఒక్కో భాగంలో ఏది మోగాలి, ఎంత లెవెల్, కీబోర్డులో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది ముందే సేవ్ అయి ఉంటుంది. కాలితో ఫుట్‌స్విచ్ నొక్కితే తర్వాతి భాగం. సింగర్ చరణం ఎగరగొట్టి పల్లవికి వచ్చేస్తే వెనక్కి వెళ్లడానికి ఇంకో స్విచ్. ఈ రెండోది లేకుండా మన సింగర్లతో ప్రోగ్రామ్ చేయలేం, నవ్వకండి.

పాటకో కాంటాక్ట్ తెరిచి పెట్టకండి, 16 జీబీ చాలదు. పియానో, స్ట్రింగ్స్, ప్యాడ్, వేణువు ఒక్కసారే లోడ్ చేసి అన్ని పాటలూ వాటినే పంచుకునేలా పెట్టండి. గిగ్ పెర్ఫార్మర్‌లో దీనికి గ్లోబల్ ర్యాక్‌స్పేస్, క్యాంటబైల్‌లో లింక్డ్ ర్యాక్, మెయిన్‌స్టేజ్‌లో ఏలియాస్. ఒక్క పాటకే కావాల్సిన నాదస్వరం లాంటివి మాత్రమే ఆ పాటలో విడిగా ఉంటాయి.

గోదారి_కీస్

భాగం మారుస్తుంటే పాత సౌండ్ ఠక్కున తెగిపోతోంది అన్నా. పెడల్ నొక్కి ఉంచినా అంతే.

ఎడిసన్_తెలుగోడు

మెయిన్‌స్టేజ్‌లో వేలు తీసేదాకా పాత నోట్ పాత సౌండ్‌తోనే మోగి, కొత్తగా నొక్కినవి కొత్త సౌండ్‌తో వస్తాయి. గిగ్ పెర్ఫార్మర్‌లో ఆ సెట్టింగ్ పేరు ప్యాచ్ పర్సిస్ట్. దీనికి తిరకాసు కూడా ఉంది. పెడల్ తీసిన సంగతి పాత సౌండ్‌కి చేరకపోతే నోట్ ఇరుక్కుపోయి మోగుతూనే ఉంటుంది. అందుకే ప్యానిక్ బటన్ ఒకటి కీబోర్డు మీదే చేతికందే చోట పెట్టుకోండి. అది అన్ని ఛానెళ్లకూ కంట్రోలర్ 123, పెడల్‌కి 64 సున్నా పంపాలి.

మంద్రస్థాయి (హైదరాబాద్)

పగలు సాఫ్ట్‌వేర్, సాయంత్రాలు కచేరీల్లో కీబోర్డు. మీటర్ల ప్రశ్నకు నేను చెబుతాను.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే ఉంది, అయినా చిటపటలు ఎందుకొస్తున్నాయి అని చాలామంది అడుగుతారు. అది సగటు. ఆడియోకి కావాల్సింది గడువు. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (ఒక్కో విడతలో తయారయ్యే శాంపిళ్ల సంఖ్య) 256 అంటే ప్రతి 5.3 మిల్లీసెకన్లకు ఒక ముక్క ధ్వని సిద్ధంగా ఉండాలి. ఒక్క ముక్క ఆలస్యమైనా చిటుక్కుమంటుంది. సగటున ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. చూడాల్సింది మీరు వాడే హోస్ట్ (గిగ్ పెర్ఫార్మర్ లాంటి ప్రోగ్రామ్) లోపలి ఆడియో లోడ్ మీటర్‌ని, అదీ అన్నిటికన్నా బరువైన పాట వాయిస్తున్నప్పుడు. ఇంట్లోనే అది మూడొంతులు దాటుతుంటే ఆ పాటను తేలిక చేయాలి.

అంతరాయం ఎక్కడి నుంచి వస్తోందో లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ పట్టిస్తుంది. ఎక్కువసార్లు దొరికే దొంగలు వైఫై డ్రైవర్, బ్యాటరీని చూసుకునే ఏసీపీఐ డ్రైవర్. స్టేజి ఎక్కేముందు ఏరోప్లేన్ మోడ్, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్. అప్‌డేట్లు ముందురోజే పాజ్ చేయండి. ఏఎస్‌ఐఓ (ఆలస్యం తక్కువ ఉండే ఆడియో) డ్రైవర్ మీ ఇంటర్‌ఫేస్ కంపెనీదే వాడండి. విండోస్ సొంత సౌండ్లకు డిఫాల్ట్ పరికరంగా లాప్‌టాప్ స్పీకర్‌నే ఉంచండి, లేకపోతే తాళి కట్టే వేళకు పీఏలో నోటిఫికేషన్ గంట మోగుతుంది.

కీబోర్డు, ఇంటర్‌ఫేస్ రోజూ అవే యూఎస్‌బీ పోర్టుల్లో పెట్టండి. పోర్టు మారిస్తే విండోస్ కొన్నిసార్లు దాన్ని కొత్త పరికరంగా లెక్కేసి పేరు ముందు ‘2-’ తగిలిస్తుంది, హోస్ట్‌కి పాత పేరు కనిపించదు.

స్టేజి మీద నా స్క్రీన్‌లో మూడే ఉంటాయి. ఇప్పటి భాగం, తర్వాతి భాగం పేర్లు పెద్ద అక్షరాల్లో. అవుట్‌పుట్ మీటర్. మిడి లైటు (కీబోర్డు నుంచి సంకేతం వస్తే వెలిగేది). ఈ లైటును చులకనగా చూడకండి. సౌండ్ ఆగిపోతే ముందు దాన్నే చూస్తాను. కీ నొక్కితే వెలుగుతోందంటే తేడా ఆడియో వైపు ఉంది. వెలగట్లేదంటే కేబుల్, కీబోర్డు వైపు. వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

గోదారి_కీస్

నేను ఆలస్యం తగ్గాలని బఫర్ 64 పెట్టాను. అయినా స్టేజి మీద వెనకబడినట్టే అనిపిస్తోంది.

మంద్రస్థాయి

మీ మానిటర్ స్పీకర్ ఎంత దూరంలో ఉంటుంది? ధ్వని ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లే వెళ్తుంది. బాక్స్ 3 మీటర్ల దూరంలో ఉంటే అక్కడే 9 మిల్లీసెకన్లు ఖర్చయ్యాయి. బఫర్ 256 నుంచి 64కి దించితే మిగిలేది 4. బాక్సును దగ్గరికి జరిపితేనో, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటేనో వచ్చే లాభం దానికన్నా ఎక్కువ. 64 వదిలేసి 128కో 256కో రండి, లాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది.

మాస్టర్‌లో లుక్‌అహెడ్ ఉన్న లిమిటర్ (లెవెల్ హద్దు దాటకుండా ఆపేది), లీనియర్ ఫేజ్ ఈక్యూ ఏమైనా ఉన్నాయేమో కూడా చూడండి. అవి తమ వంతు ఆలస్యం కలుపుతాయి. మిక్సింగ్‌లో ఫర్వాలేదు, లైవ్‌లో తీసేయండి. లిమిటర్ ఉండాలి, కానీ ప్రమాదం అడ్డుకోవడానికే. మామూలు వాయింపులో పీక్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడుతుంటే దాని లైటు వెలగనే వెలగదు.

క్వయర్_కీస్_నెల్లూరు

ఆదివారం ఆరాధనకు మా చర్చిలో వాయిస్తాను. ట్రాన్స్‌పోజ్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మాకు అసలు తలనొప్పి అదే. ప్రాక్టీసులో ఐదున్నర శ్రుతిలో పాడినవాళ్లు గొంతు బాలేదని అప్పటికప్పుడు ఐదు అంటారు.

హోస్ట్‌లో గ్లోబల్ ట్రాన్స్‌పోజ్ మైనస్ 1 నొక్కగానే అన్నీ ఒక మెట్టు దిగుతాయి, డ్రమ్స్ కూడా. జనరల్ మిడి డ్రమ్స్‌లో నోట్ నంబర్ 38 స్నేర్, 37 సైడ్ స్టిక్. స్నేర్ కొడితే కర్ర చప్పుడు వస్తుంది. డ్రమ్స్ ఛానెల్‌ని ట్రాన్స్‌పోజ్ నుంచి మినహాయించాలి. కాంటాక్ట్ లైబ్రరీల్లో కింది కీలతో గమకం, స్టకాటో మార్చే కీస్విచ్‌లు ఉంటాయి కదా, అవీ జరిగిపోతాయి. కీబోర్డును స్ప్లిట్ చేసుకుంటే (రెండు సౌండ్లకు పంచుకుంటే), ట్రాన్స్‌పోజ్ స్ప్లిట్ తర్వాత జరిగేలా పెట్టుకోవాలి. ముందు జరిగితే స్ప్లిట్ గీత పక్కకి పోయి, మీ వేలి కింద వేణువు రావాల్సిన చోట బేస్ వస్తుంది.

వాయిస్తూ ట్రాన్స్‌పోజ్ నొక్కొద్దు. పట్టుకున్న నోట్ ఇరుక్కుపోవచ్చు. రికార్డ్ చేసిన లూపులు మాత్రం దీనికి లొంగవు. వాటిని శ్రుతికి ఒకటి చొప్పున విడిగా తయారు చేసుకోవాల్సిందే. మేం ఆరాధన మధ్యలో నడిచే ప్యాడ్‌లను పన్నెండు శ్రుతుల్లోనూ చేసి పెట్టుకున్నాం.

మంద్రస్థాయి

బాగా గుర్తు చేశారండీ. కచేరీ కీబోర్డులో పిచ్ బెండ్ పరిధి కూడా సౌండ్ సౌండ్‌కీ వేరుగా సేవ్ అయి ఉంటుంది. వేణువుకు రెండు మెట్లు, వీణకు నాలుగు అని పెట్టుకుంటే చేయి ఒక్కో సౌండ్‌లో ఒక్కోలా తిప్పాలి. నేను అన్నిటికీ ఒకే పరిధి పెట్టేశాను. గమకం చేతికి అలవాటైన చోటే పలకాలి.

ప్యాడ్స్_గుంటూరు

రిథమ్ ప్యాడ్స్ నావి. కీబోర్డు అన్నల లాప్‌టాప్ నుంచి లూప్ నడిస్తే నాకు క్లిక్ (తాళం చెప్పే టిక్ టిక్) కావాలి, అది లేకుండా లూప్‌తో కలవమంటే ఎలా? రెండు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌లో కూడా కుదురుతుంది గోదారి అన్నా. ఎడమ వైపు సంగీతమంతా మోనోగా, కుడి వైపు క్లిక్ ఒక్కటే. కుడి కేబుల్ నా చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌కి. నాలుగు అవుట్‌పుట్లు ఉన్న మోటు ఎం4, ఫోకస్‌రైట్ 4ఐ4 లాంటివి ఉంటే హాయి. మొదటి రెండూ జనానికి, మూడోది క్లిక్, నాలుగోది మీ చెవికి.

ఆ నాలుగోదాన్ని ఊరికే పోనీకండి. తర్వాతి పాట సౌండ్ జనానికి పోకుండా మీ చెవిలోనే ఒకసారి విని చూసుకోవచ్చు. యాంకర్ మాట్లాడుతున్నప్పుడు రెండు నోట్లు వాయిస్తే చాలు, సౌండ్ లోడ్ అయిందా, శ్రుతి సరిగ్గా ఉందా తెలిసిపోతుంది.

సౌండ్‌బాబాయ్

ఇందాక భక్తుడు గారు వేడి గురించి అన్నారు, న్యాయమే. లాప్‌టాప్‌ని ఎత్తున, కింద గాలి ఆడేలా స్టాండ్ మీద పెట్టు. పార్ లైట్ల ఎదురుగా, పొగ మెషిన్ పక్కన వద్దు.

పందిళ్లలో జనరేటర్‌కి మారేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోతుంది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్ కూడా బతుకుతుంది. అడాప్టర్ మీద నడిచే కీబోర్డు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. చిన్న యూపీఎస్ కీబోర్డుకి ఇవ్వు, మిగతావాటికి కాదు.

హమ్ వస్తే చార్జర్ పీకి చూడు. పోయిందంటే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం). గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న డీఐ బాక్స్ పెడితే సరిపోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ విరగ్గొట్టే పని మాత్రం చేయొద్దు. వానాకాలం పందిట్లో తడి నేల మీద నిలబడి మైకు స్టాండ్ ముట్టుకునేది మన సింగరే.

హార్డ్‌వేర్_భక్తుడు

యూపీఎస్, డీఐ, ఫుట్‌స్విచ్‌లు, హెడ్‌ఫోన్ యాంప్... నా కీబోర్డు నేను చంకలో పెట్టుకుని ఆర్టీసీ బస్సెక్కుతాను 😄 అయినా ఎల్/మోనో సంగతి మావాళ్లకు పంపించాను. ఇద్దరు ముగ్గురు అలాగే లాగుతున్నారు.

గోదారి_కీస్

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రిహార్సల్‌లో మాస్టర్‌ని మోనో చేసి, బఫర్ 256కి మార్చి, పది పాటలకు భాగాలు పెట్టాం. వేణువు ఉన్నట్టుండి ముందుకొచ్చేసింది, ఇప్పుడు దాన్నే తగ్గించాల్సి వచ్చింది. ఫుట్‌స్విచ్ ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతానికి కీబోర్డు చిట్టచివరి పై కీని ‘తర్వాతి భాగం’గా పెట్టుకున్నాను. శనివారం తణుకులో పెళ్లి ఉంది. ఎడమ సంగీతం, కుడి క్లిక్ పద్ధతి అక్కడ వాడదామని. ఒక్క భయం: అక్కడి మిక్సర్ ఆయన రెండు కేబుళ్లూ చూసి స్టీరియో అనుకుని రెండూ జనానికి వదిలేస్తే?

ప్యాడ్స్_గుంటూరు

కుడి కేబుల్ మిక్సర్ దాకా అసలు వెళ్లకూడదు అన్నా. పొట్టి కేబుల్ వాడండి, మీ స్టాండ్ నుంచి ప్యాడ్స్ వరకే చాలాలి.

సౌండ్‌బాబాయ్

దాని కొసకి ఎర్ర టేపు చుట్టి ‘క్లిక్’ అని మార్కర్‌తో రాయి. చెక్ టైమ్‌లో నువ్వే వెళ్లి ఎడమది ఒక్కటే మోనో ఛానెల్‌లో పెట్టించు. తణుకు అంటున్నావు, అక్కడ బాక్సులు పెట్టేది మావాడే అయితే నేనూ ఫోన్ చేసి చెబుతాను. సాయంత్రం మెసేజ్ పెట్టు.